10⁻⁸ మోలార్ ఆమ్లానికి పీహెచ్ 8 ఎందుకు రాదు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. పీహెచ్ లెక్కల్లో 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఇస్తే 2 అని వెంటనే చెప్పేస్తాను. అంతకు మించి ఏది ఇచ్చినా తడబడుతున్నాను. 10⁻⁸ మోలార్ ఆమ్లానికి సూత్రం వేస్తే 8 వస్తోంది. ఆమ్లానికి 8 ఎలా వస్తుంది? పీహెచ్ 2, పీహెచ్ 4 ఉన్న ద్రావణాలను సమానంగా కలిపితే 3 అని రాశాను, తప్పన్నారు. 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి గైడులో 0.70 అని ఉంది. మా అక్క వాళ్ల డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో మీటరుతో చూస్తే 1 దగ్గర వచ్చిందట. ఏది నిజం? లాగ్ కనిపిస్తే చాలు టెన్షన్. కాలిక్యులేటర్ లేకుండా పరీక్షలో ఇవన్నీ ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని

సమాధానం:

అమ్మా,

ఆమ్లానికి 8 రాగానే నువ్వు ఆగిపోయావు చూడు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. చాలామంది ఆ 8ని అలాగే రాసేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. వచ్చిన జవాబును ఒకసారి అనుమానంగా చూసే అలవాటు నీకు ఉంది కాబట్టి ఈ అధ్యాయం నీకు తప్పకుండా లొంగుతుంది.

నీ ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే. నువ్వు లెక్కను లాగ్‌తో మొదలుపెడుతున్నావు. లాగ్ చిట్టచివర రావాలి. అంతకుముందు తేలాల్సిన సంగతులు వేరే ఉన్నాయి: బీకరులో ఏమేం ఉన్నాయి, హైడ్రోజన్ అయాన్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయి, మొత్తం ఎన్ని మోల్స్, అవి ఎన్ని లీటర్లలో ఉన్నాయి. ఇదంతా కూడిక, తీసివేత, భాగహారం. ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్కే. గాఢత (లీటరుకు ఎన్ని మోల్స్ అన్నది, అదే మోలార్) తేలాక లాగ్ తీయడం అర నిమిషం పని.

అసలు లాగ్ ఎందుకొచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది. 1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎంజైముల మీద పని చేస్తూ ఈ పీహెచ్‌ను ప్రవేశపెట్టాడు. ఆ పనిలో హైడ్రోజన్ అయాన్ గాఢత 0.01 నుంచి 0.0000001 దాకా మారుతూ ఉంటుంది. ఇన్ని సున్నాలు రాసుకుంటూ, వాటితో గ్రాఫులు గీసుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో నువ్వే ఊహించుకో. అందుకని 10 మీద ఉన్న ఘాతాన్ని మాత్రమే తీసుకుని, దాని రుణ గుర్తు తీసేసి రాయడం మొదలుపెట్టాడు. 10⁻² అయితే 2, 10⁻⁷ అయితే 7. అంతే. పని తేలిక చేయడానికి వచ్చిన పద్ధతి ఇది.

లాగ్ విషయం ఇప్పుడే తేల్చేద్దాం. మూడు విలువలు గుర్తుంచుకో: లాగ్ 2 అంటే 0.30, లాగ్ 3 అంటే 0.48, లాగ్ 7 అంటే 0.85. మిగతావన్నీ వీటి నుంచే వస్తాయి. 4 అంటే రెండు రెళ్లు కాబట్టి 0.60. 5 అంటే 10ని 2తో భాగించడం కాబట్టి 1 లోంచి 0.30 పోతే 0.70. 6 అంటే 0.30, 0.48 కలిపి 0.78. 8కి 0.90, 9కి 0.95. పరీక్షల్లో అడిగే పీహెచ్ లెక్కలకు దాదాపు ఇవే సరిపోతాయి. గాఢతను ముందు 2×10⁻², 5×10⁻³ లాంటి రూపంలో రాసుకో. 10 మీద ఉన్న అంకె లోంచి ముందున్న అంకె లాగ్ తీసేస్తే పీహెచ్. 0.02 మోలార్ నైట్రిక్ ఆమ్లానికి 2 లోంచి 0.30 పోతే 1.70. 0.005 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 3 లోంచి 0.70 పోతే 2.30.

లాగ్ తీయకముందే జవాబు ఏ రెండు అంకెల మధ్య ఉండాలో చెప్పేయొచ్చు. 0.04 అనేది 0.1కీ 0.01కీ మధ్య ఉంది, కాబట్టి పీహెచ్ 1కీ 2కీ మధ్యే ఉండాలి. ఈ ఒక్క అంచనాతో నాలుగు ఆప్షన్లలో రెండు మూడు ఎగిరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. ప్రతి లెక్కలోనూ ఈ పని చెయ్యమ్మా. ఎంత బలంగా చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు.

ఇక ‘బలమైన’ అనే మాట దగ్గరికి వద్దాం. ఇక్కడ పొరపాటు పడని విద్యార్థి అరుదు. బలమైన ఆమ్లం అంటే నీటిలో కలిసినదంతా అయాన్లుగా విడిపోయేది అని. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్, నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు ఈ కోవలోవి. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి వేరే కథ ఉంది, తర్వాత చెబుతాను. పూర్తిగా విడిపోతుంది కాబట్టే 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్ కూడా 0.1 మోలార్ అని కళ్లు మూసుకుని రాస్తున్నాం. అదే 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి ఇలా రాయకూడదు. దాని పీహెచ్ 2.9 దాకా ఉంటుంది, ఎందుకంటే అందులో నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ అణువులు మాత్రమే విడిపోతాయి.

బలం వేరు, గాఢత వేరు. దీనికి మన ఇళ్లలో ఉండే సున్నమే చక్కని ఉదాహరణ. కాల్షియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారమే. కరిగినంత మేరకు దాదాపు అంతా విడిపోతుంది. కానీ కరిగేదే చాలా తక్కువ. సోడియం హైడ్రాక్సైడ్ లీటరు నీటిలో కిలోకు పైనే కరుగుతుంది. సున్నం మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు 1.7 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. సున్నం కలిపి కదలకుండా ఉంచితే పైన తేరుకునే సున్నపు తేట ఉంటుంది కదా, దాని పీహెచ్ లెక్క కట్టి చూద్దాం. అణుభారం 74. 1.7ని 74తో భాగిస్తే సుమారు 0.023 మోలార్. ఒక్కో కాల్షియం హైడ్రాక్సైడ్ రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు ఇస్తుంది కాబట్టి 0.046. హైడ్రాక్సైడ్ గాఢతకు పీహెచ్ లాగే కట్టే అంకెను పీఓహెచ్ అంటారు, అది ఇక్కడ సుమారు 1.34. 25 డిగ్రీల దగ్గర పీహెచ్, పీఓహెచ్ కలిపితే 14 కాబట్టి, 14 లోంచి తీసేస్తే పీహెచ్ 12.66. మీటరు పెడితే 12.4 పైన కొద్దిగా చూపిస్తుంది. అయాన్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కొంత పట్టి ఉంచుతాయి, ఆ కాస్త తేడా అందువల్లే. కరిగేది రెండు గ్రాములైనా లేదు, అయినా పీహెచ్ 12 దాటింది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కిపోయేది ఇందుకే.

క్షారాల లెక్కలో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ముందు హైడ్రాక్సైడ్ గాఢత కట్టు, దాని నుంచి పీఓహెచ్ తెచ్చుకో, 14 లోంచి తీసేయ్. క్షారాలకు ప్రత్యేకంగా ‘14 ప్లస్ లాగ్’ అని ఇంకో సూత్రం బట్టీ పట్టిస్తుంటారు. వద్దు. సూత్రాలు పెరిగే కొద్దీ పరీక్షలో ఏది ఎక్కడ వేయాలో తెలియక తికమకపడతావు. ఉదాహరణకు 0.4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కరిగించి 200 మిల్లీలీటర్ల ద్రావణం చేశారనుకో. అణుభారం 40, కాబట్టి 0.01 మోల్. అది 0.2 లీటర్లలో ఉంది, అంటే 0.05 మోలార్. పీఓహెచ్ 1.30. పీహెచ్ 12.70. క్షారం కాబట్టి 7 దాటాలి, దాటింది. చివర్లో 14 లోంచి తీసేయడం మరిచిపోయి 1.30 దగ్గరే ఆగిపోవడం చాలా మామూలు తప్పు. ఆప్షన్లలో ఆ 1.30 కూడా పెట్టి ఉంచుతారు మరి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, 10⁻⁸.

సూత్రంలో తప్పేమీ లేదు. అందులో వేసిన గాఢతే తప్పు. నువ్వు ఆమ్లం ఇచ్చిన హైడ్రోజన్ అయాన్లను మాత్రమే లెక్కించావు. నీరు కూడా అయాన్లు ఇస్తుంది కదా. 25 డిగ్రీల దగ్గర శుద్ధమైన నీటిలో హైడ్రోజన్ అయాన్లు 10⁻⁷, హైడ్రాక్సైడ్ అయాన్లు 10⁻⁷ ఉంటాయి. 0.01 మోలార్ ఆమ్లం పక్కన ఈ 10⁻⁷ లక్షో వంతు, కాబట్టి దాని ఊసెత్తం. కానీ ఇక్కడ ఆమ్లం ఇచ్చేది 10⁻⁸. నీరు తనంతట తాను ఇచ్చేదాంట్లో పదో వంతు! ఈసారి పెద్ద వాటా నీటిదే. దాన్నే వదిలేస్తే లెక్క ఎలా కుదురుతుంది?

పెన్ను పట్టకముందే జవాబు ఎక్కడుండాలో చెప్పొచ్చు. నీటిలో ముందే ఉన్న 10⁻⁷కి ఆమ్లం కొద్దిగా కలిపింది. అంటే మొత్తం 10⁻⁷ కంటే కాస్త ఎక్కువ. కాబట్టి పీహెచ్ 7 కంటే కాస్త తక్కువ. ఆప్షన్లలో 7 కంటే కాస్త తక్కువ ఉన్నది ఒక్కటే అయితే ఇంకేం చేయక్కర్లేదు, అదే పెట్టేయ్.

కచ్చితంగా కట్టాలంటే ఇంకో విషయం చూడాలి. కొన్ని గైడ్లలో 10⁻⁷, 10⁻⁸ కూడేసి 1.1×10⁻⁷ అని, పీహెచ్ 6.96 అని ఇస్తారు. అది సరికాదు. ఆమ్లం వచ్చి హైడ్రోజన్ అయాన్లు పెంచగానే నీటి అయనీకరణం కొంచెం వెనక్కి తగ్గుతుంది. సమతాస్థితిలో ఒకటి పెరిగితే చర్య దాన్ని తగ్గించే వైపు జరుగుతుందని లీ షాట్లియర్ సూత్రంలో చదివావు కదా, ఇక్కడ పనిచేసేది అదే. అంటే నీరు ఇప్పుడు 10⁻⁷ ఇవ్వదు, అంతకంటే తక్కువ ఇస్తుంది. ఎంత ఇస్తుందో తెలియదు, దాన్ని ఎక్స్ అనుకుందాం. హైడ్రాక్సైడ్ అయాన్లు నీటి నుంచే వస్తాయి కాబట్టి అవి ఎక్స్. హైడ్రోజన్ అయాన్లు ఎక్స్‌కి 10⁻⁸ ఎక్కువ. రెండూ గుణిస్తే నీటి అయానిక లబ్ధం 10⁻¹⁴ రావాలి.

ఇది వర్గ సమీకరణమే, కానీ దాన్ని సాధించే పని లేదు. అన్నీ 10⁻⁸ల లెక్కన కొలువు. అప్పుడు 10⁻¹⁴ అంటే 100 అవుతుంది. మనకు కావాల్సింది 1 తేడా ఉండి, గుణిస్తే 100 వచ్చే రెండు సంఖ్యలు. 10, 10 గుణిస్తే 100 కాబట్టి అవి 10కి అటొకటి, ఇటొకటి ఉండాలి. 10.5, 9.5 వేసి చూడు: 99.75. దాదాపు 100. సరిపోయింది. పెద్దది హైడ్రోజన్ అయాన్లది, కాబట్టి 10.5×10⁻⁸, అంటే 1.05×10⁻⁷. లాగ్ 1.05 అంటే సుమారు 0.02. పీహెచ్ 6.98. ఇదే సరైన జవాబు.

ఇదే పద్ధతిలో 10⁻⁷ మోలార్ ఆమ్లం చేయి. ఈసారి 10⁻⁷ల లెక్కన కొలిస్తే, 1 తేడా ఉండి గుణిస్తే 1 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. అవి 1.618, 0.618. లెక్కల వాళ్లు ముచ్చటగా చెప్పుకునే స్వర్ణ నిష్పత్తి ఇదే! పీహెచ్ 6.79 వస్తుంది. తొందరలో 7 అని పెట్టేవాళ్లు ఎంతమందో. ఇక 10⁻⁶ మోలార్‌కు వచ్చేసరికి నీటి వాటా నూటికి ఒకటి మాత్రమే, పీహెచ్ 6 అనేయొచ్చు. కాబట్టి గీత ఎక్కడ గీయాలో తెలిసిపోయింది. గాఢత 10⁻⁶ కంటే తక్కువగా ఉంటే నీటిని కలుపు, ఎక్కువగా ఉంటే వదిలేయ్.

ఒక మాట కూడా చెప్పాలి. ఈ 6.98ని మామూలు ల్యాబ్‌లో మీటరు మీద చూద్దామంటే కుదరదు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కరిగి డిస్టిల్డ్ వాటరే 5.6 దగ్గరికి దిగిపోయి ఉంటుంది. అయినా ఈ లెక్క చేయించేది పిల్లలకు నీటిని మర్చిపోకుండా చూడటం నేర్పడానికి. అందుకే ఇది నాకు ఇష్టమైన లెక్క.

కలపడాల సంగతి. పీహెచ్ 2, పీహెచ్ 4 కలిపితే 3 అని రాశావు. సగటు తీశావన్నమాట. సగటు తీయాల్సింది గాఢతలకు. ఒక్కో లీటరు తీసుకుందాం. పీహెచ్ 2 దాంట్లో 0.01 మోల్ ఉంది, పీహెచ్ 4 దాంట్లో 0.0001 మోల్. మొత్తం 0.0101 మోల్, రెండు లీటర్లలో. గాఢత 0.00505. పీహెచ్ 2.30.

ఆ 0.0001ని పూర్తిగా తీసేసి చూడు. అంటే పీహెచ్ 4 ద్రావణం బదులు ఉత్త నీళ్లు కలిపామనుకో. 0.01 మోల్ రెండు లీటర్లలో, అంటే 0.005, పీహెచ్ 2.30. మళ్లీ అదే! మొదటి ద్రావణంలో రెండో దానికి వంద రెట్ల అయాన్లు ఉన్నాయి, కాబట్టి దాని ముందు పీహెచ్ 4 ద్రావణం నీళ్లతో సమానం. పీహెచ్‌లో 2 తేడా అంటే గాఢతలో వంద రెట్లు అన్న సంగతి ఇలా చేతితో లెక్క కట్టినప్పుడే మనసుకు ఎక్కుతుంది.

నీళ్లు కలిపి పలుచన చేసే లెక్కలు కూడా ఇంతే. పది రెట్లు పలుచన చేస్తే పీహెచ్ 1 పెరుగుతుంది. 2013 జేఈఈ మెయిన్‌లో, పీహెచ్ 1 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక లీటరు ఉంది, పీహెచ్ 2 కావాలంటే ఎన్ని లీటర్ల నీళ్లు కలపాలి అని అడిగారు. పది రెట్లు కావాలి కాబట్టి మొత్తం 10 లీటర్లు కావాలి. ఒక లీటరు ముందే ఉంది. కలపాల్సింది 9 లీటర్లు. రసాయన శాస్త్రం వచ్చినా ప్రశ్న సరిగా చదవక పోగొట్టుకునే మార్కు ఇది. ఇంకో సంగతి: పీహెచ్ 6 ఆమ్లాన్ని వంద రెట్లు పలుచన చేస్తే 8 రాదు. ఎందుకు రాదో నీకు ఇప్పుడు తెలుసు, 10⁻⁸ దగ్గరికే చేరాం కదా.

ఆమ్లం, క్షారం కలిసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలింది ఎవరో చూడాలి. 40 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 10 మిల్లీలీటర్ల 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపారు. మిల్లీలీటర్లను మొలారిటీతో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. ఆమ్లం 4, క్షారం 2. మిగిలింది ఆమ్లం 2. ఇప్పుడు ఆగి ఆలోచించు: ఈ 2 మిల్లీమోల్స్ ఎంత ద్రావణంలో ఉన్నాయి? 40లో కాదు, 50లో. 2ని 50తో భాగిస్తే 0.04. పీహెచ్ 2 లోంచి 0.60 పోతే 1.40. పిల్లల పేపర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఈ 50 దగ్గరే. కలిసిన తర్వాతి ఘనపరిమాణాన్ని మార్జిన్‌లో రాసి చుట్టూ గీత గీసుకో, అది కళ్ల ముందు ఉంటే మర్చిపోవు.

పీహెచ్ 3 ఆమ్లం, పీహెచ్ 12 క్షారం సమానంగా కలిపితే? ఆమ్లం 0.001, క్షారం 0.01. క్షారమే గెలుస్తుంది. మిగిలింది 0.009, రెండింతల ద్రావణంలో, అంటే 0.0045. లాగ్ 4.5 అంటే లాగ్ 9 లోంచి లాగ్ 2 తీసేయడం, 0.65. పీఓహెచ్ 2.35, పీహెచ్ 11.65. పీహెచ్ 2, పీహెచ్ 12 అయితే సమానంగా కొట్టుకుపోతాయి, 7 మిగులుతుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో మీ అక్క మీటరుదీ తప్పు కాదు, గైడు రాసినాయన చేసింది కూడా ఒక ఊహ ప్రకారం సరైన లెక్కే. ఈ ఆమ్లానికి రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. మొదటిది పూర్తిగా విడిపోతుంది. రెండోది బైసల్ఫేట్ అయాన్ నుంచి రావాలి. బైసల్ఫేట్ మాత్రం బలహీన ఆమ్లమే, దాని అయనీకరణ స్థిరాంకం సుమారు 0.012. గైడులో రెండూ పూర్తిగా విడిపోయాయనుకుని 0.2 మోలార్ తీసుకున్నారు. అందుకే 0.70.

నిజంగా జరిగేది చూద్దాం. మొదటి హైడ్రోజన్ వల్ల ద్రావణంలో ఇప్పటికే 0.1 మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఉన్నాయి. అవి ఉండగా బైసల్ఫేట్‌కు ఇంకొన్ని విడుదల చేయడం కష్టమవుతుంది. ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు దీన్నే. 0.1 మోలార్ బైసల్ఫేట్‌లో స్థిరాంకం పెట్టి సాధిస్తే సుమారు 0.01 మాత్రమే విడిపోతుంది, అంటే పదో వంతు. మొత్తం హైడ్రోజన్ అయాన్లు 0.11. పీహెచ్ 0.96. మీ అక్క చూసిన ‘1 దగ్గర’ ఇదే. మీటరు లెక్క కంటే కొంచెం ఎక్కువ చూపించడం మామూలే. అది అయాన్ల సంఖ్యను కాక, వాటి క్రియాశీలతను, అంటే అవి నిజంగా ఎంత మేరకు పనిచేస్తున్నాయో దాన్ని చూస్తుంది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పెట్టినా 1 బదులు 1.1 దగ్గర చూపిస్తుంది.

ఆమ్లం పలుచబడే కొద్దీ రెండో హైడ్రోజన్ కూడా బయటికి వస్తుంది. 0.005 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో బైసల్ఫేట్ నూటికి 60 వంతులు విడిపోతుంది. గైడు పద్ధతిలో పీహెచ్ 2.00, అసలు విలువ 2.10. తేడా బాగా తగ్గింది కదా.

మరి పరీక్షలో ఏం చేయాలి? రెండో స్థిరాంకం విలువ ఇస్తే దాన్ని వాడు. పూర్తిగా అయనీకరణం చెందిందనుకోమని రాసినా, ఏమీ చెప్పకుండా ఆప్షన్లలో 0.70 ఒక్కటే పొసిగేలా ఉన్నా, రెండింతలు చేసి 0.70 పెట్టు. పరీక్ష రాసేటప్పుడు పేపరు ఇచ్చిన వాళ్ల ఊహను గౌరవించాలి. మనసులో మాత్రం నిజం నీకు తెలిసి ఉండాలి. ఇంకొక్క విషయం: సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా ఉండి ఆమ్లం మొత్తం తటస్థీకరణం అయిపోయే లెక్కల్లో ఈ గొడవే లేదు. అక్కడ క్షారం రెండు హైడ్రోజన్లనూ లాగేసుకుంటుంది, కాబట్టి ధైర్యంగా రెండింతలు చేయి.

నువ్వు అడగకపోయినా రెండు సంగతులు చెప్పేస్తాను, ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి. పీహెచ్ 0 నుంచి 14 లోపలే ఉండాలన్న నియమం లేదు. 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి లెక్క ప్రకారం మైనస్ 0.30 వస్తుంది. అది చూసి కంగారుపడకు. కాలిఫోర్నియాలో ఐరన్ మౌంటెన్ అనే పాత గని లోపలి నీటిలో మైనస్ 3.6 దాకా నమోదైంది. ఇక రెండోది, తటస్థం అంటే ఎప్పుడూ 7 కాదు. 60 డిగ్రీల దగ్గర నీటి అయానిక లబ్ధం సుమారు 9.6×10⁻¹⁴. అప్పుడు శుద్ధమైన నీటి పీహెచ్ 6.5. నీరు ఆమ్లం కాలేదు, రెండు అయాన్లూ సమానంగానే పెరిగాయి. ఆ వేడిలో 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పీహెచ్ 12 కాదు, 11 దగ్గర. ప్రశ్నలో ఉష్ణోగ్రత ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదని గుర్తుపెట్టుకో. ఏమీ చెప్పకపోతే 25 డిగ్రీలే.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీ 40. ఒక్కో దానికి నిమిషం పైన కొంచెం. పీహెచ్ లెక్క అంత సమయం కూడా తీసుకోకూడదు, తీసుకోదు కూడా. అంచనా వేయడం చేతికొస్తే చాలాసార్లు లాగ్ తీయకుండానే తేలిపోతుంది. ఈఏపీసెట్‌లో తప్పుకు మార్కు పోదు కాబట్టి అంచనాతో పెట్టేయొచ్చు. నీట్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, అక్కడ మాత్రం చివరిదాకా లెక్క కట్టి పెట్టు.

కింద కొన్ని లెక్కలు ఇస్తున్నాను. జవాబులు పక్కనే ఉన్నాయి. వాటిని ఒక కాగితంతో కప్పేసి, ముందు అంచనా రాసుకుని తర్వాత చేయి.

0.315 గ్రాముల నైట్రిక్ ఆమ్లం (అణుభారం 63) 250 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉంది: 1.70.

0.56 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ (అణుభారం 56) 2 లీటర్ల ద్రావణంలో ఉంది: 11.70.

పీహెచ్ 13 ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 10 మిల్లీలీటర్లు తీసుకుని లీటరుకు పలుచన చేశారు: 11.

10⁻⁸ మోలార్ సోడియం హైడ్రాక్సైడ్: 7.02.

30 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 20 మిల్లీలీటర్ల 0.1 మోలార్ బేరియం హైడ్రాక్సైడ్ కలిపారు: 12.30.

చివరి దానికి 12.30 రాకపోతే రెండు చోట్ల వెతుకు. బేరియం హైడ్రాక్సైడ్‌ను రెండింతలు చేశావా, మిగిలినదాన్ని 50తో భాగించావా అని. ఆ రెండూ సరిగ్గానే ఉండి కూడా వేరే జవాబు వస్తే నీ లెక్క మొత్తం అంచెలంచెలుగా రాసి పంపు, చూసి చెబుతాను.